చాక్లెట్ల చెరువు

కామర్సు లెక్చరరుగా నేను చెప్పిన పాఠాలు ఎవరికైనా గుర్తున్నాయంటే నేను నమ్మను. యానాం బజారులో కూరగాయలు కొంటుంటే పాత విద్యార్థులు ఎదురవుతారు. నమస్కారం పెడతారు, చేతిలో సంచి అందుకుంటారు, ఆ తర్వాత "మీరు మాకు ఇంగ్లీషు కదండీ చెప్పింది?" అని అడుగుతారు. అదే పిల్లలు నేను చెప్పని పాఠం ఒకటుంది, దాన్ని మాత్రం పూస గుచ్చినట్టు చెప్పుకుంటారు. ఆ రోజు హాల్లో ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరి ముఖం ఎలా మాడిపోయిందో అన్నీ గుర్తే. ఇప్పుడిప్పుడే చాక్‌పీసు పట్టుకుంటున్న మీలాంటివాళ్ళకు ఆ సంగతి పనికొస్తుందేమోనని రాస్తున్నాను. పనికి రాకపోతే నవ్వుకోండి. మేమూ అదే చేశాం, కొంచెం ఆలస్యంగా.

అది యానాం కాలేజీలో నా ఉద్యోగపు చివరి సంవత్సరం. రిటైరు కాబోయేవాళ్ళకు ఏ ఆఫీసులోనైనా ఒక ప్రత్యేక గౌరవం ఉంటుంది. ఎవరూ ముట్టుకోని పనులన్నీ "మీ అనుభవం" అంటూ వాళ్ళ నెత్తిన పెడతారు. మా ప్రిన్సిపాల్ గారు అలాగే ఒక రోజు నన్ను పిలిపించారు. ఆయన కారైకాల్ వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. తమిళం ఆయన మాతృభాష అయినా, తెలుగు మాట్లాడి తీరాలని పట్టుదల.

"మేడమ్, పైనుంచి సర్క్యులర్ వచ్చింది. డబ్బు ఎట్లా దాచాల, ఎట్లా ఖర్చు పెట్టాల అని పిల్లలే పిల్లలకి చెప్పాల. మనం చెప్పకూడదు. మనం సుమ్మా కూర్చోవాల" అన్నారు.

'సుమ్మా' అంటే ఊరికే అని మేమంతా ఆయన వచ్చిన వారంలోనే నేర్చుకున్నాం. స్టాఫ్ రూములో ఆ మాటకు మంచి గిరాకీ ఉండేది.

పాఠం చెప్పడానికి ఇద్దర్ని ఎంచాను. ఒకడు ఫరంపేట కుర్రాడు. వాళ్ళ నాన్నకు బట్టల కొట్టు ఉంది. నలగని చొక్కా, సెమినార్లకు టై, గడగడా ఇంగ్లీషు. రెండో మనిషి దరియాలతిప్ప అమ్మాయి. వాళ్ళ నాన్న రొయ్యల చెరువు కౌలుకు తీసుకుని చేస్తాడు. "ఎవరు చెబుతారు?" అని నేను అడిగినప్పుడు ఈ అమ్మాయి చెయ్యెత్తి ఉంది. పేరు రాసేసుకున్నాను. జడకు రబ్బరు బ్యాండు సర్దుకుంటున్నానని ఆమె తర్వాత చెప్పింది. అప్పటికే పేరు పుదుచ్చేరి పెద్దాఫీసుకు వెళ్ళిపోయింది.

మొదటి క్లాసు కుర్రాడు తీసుకున్నాడు. రంగురంగుల స్లైడ్లు చేసుకొచ్చాడు. అవసరాలు ఏవి, సరదాలు ఏవి, నెలకింత పక్కన ఎలా పెట్టాలి అన్నీ చక్కగా చెబుతున్నాడు. "సరదా కోసం ఎప్పుడూ అప్పు చేయకూడదు" అన్న స్లైడు దగ్గరకు రాగానే వెనక బెంచీ నుంచి ఒక ఆడపిల్ల గొంతు లేచింది.

"అన్నయ్యా, నీ చేతిలో ఫోను ఈఎంఐ అయిపోయిందా?"

క్లాసంతా గొల్లుమంది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. "అది... అది అవసరం కిందకొస్తది" అన్నాడు. "మరి బండో?" అని ఇంకొకడు. తర్వాత స్లైడ్లు వాటంతటవే తిరిగాయి, వినేవాళ్ళు లేరు. తర్వాతి వారం క్లాసుకు ఫ్యాన్లు ఎక్కువ, మనుషులు తక్కువ.

అదే రోజుల్లో కాలేజీలోకి ఇంకో చదువు ప్రవేశించింది. ఫోనులో ఒక బొమ్మ చెరువు. డబ్బు కట్టి చెరువు కొనుక్కోవాలి. పొద్దున్నే తెర మీద వేలితో నొక్కితే రొయ్యలకు మేత పడుతుంది. సాయంత్రానికి ఖాతాలో లాభం కనిపిస్తుంది. ఇంకొకరిని చేర్పిస్తే వాళ్ళ చెరువులోనూ మనకు వాటా. నేను నా క్లాసులో పెట్టుబడుల గురించి బోర్డు మీద రాస్తుంటే బెంచీల కింద రొయ్యలు మేత తింటున్నాయని నాకు చాలా రోజులు తెలియదు.

చెప్పింది దరియాలతిప్ప అమ్మాయే.

"మేడమ్, మా నాన్న చెరువులో రొయ్యలు మబ్బు పడితే చత్తాయి, ఎండ ఎక్కువైతే చత్తాయి, కరెంటు పోతే చత్తాయి. ఈ ఫోన్లో రొయ్య ఒక్కటీ చావదేంటండీ? నాకదే అనుమానం."

"ఎంతమంది చేరారు?"

"చేరనోళ్ళని లెక్కెట్టడం తేలికండి." వేళ్ళ మీద లెక్కపెట్టబోయి మానేసి, "కనకాలపేట నుంచి సైకిలు మీదొచ్చే ఫస్టియర్ పిల్ల ఉంది కదండీ, ఆళ్ళమ్మ టిఫిన్ బండి. ఆ పిల్లకి స్కాలర్‌షిప్పు పడబోతంది. పడిన రోజునే మొత్తం తీసి పెద్ద చెరువు కొంటానంటంది. ఆళ్ళమ్మకి కొత్త బండి చేయించాలంట" అంది.

నేను మర్నాడే అన్ని క్లాసుల్లో గట్టిగా చెప్పాను. కష్టపడకుండా వచ్చే డబ్బు గురించి, మోసాల గురించి ఉదాహరణలతో సహా వివరించాను. పిల్లలు బుద్ధిగా తలలూపారు. ఊపుతూ ఊపుతూనే మేత వేశారు.

స్టాఫ్ రూములో ఫిజిక్స్ మాస్టారు ఉన్నారు. ఏది చెప్పినా "ఆధారమేంటండీ?" అని అడిగే మనిషి. వాస్తు, జాతకం, ముహూర్తం ఏవీ ఒప్పుకోరు. ఆయనైనా పిల్లలకు నాలుగు మాటలు చెబుతారని వెళ్ళి అడిగాను. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "మీరు మరీ భయపెట్టేత్తన్నారండీ. నేను ఆరు వారాల్నుంచీ చూత్తన్నాను. రోజూ కరెక్టు టైముకి పడతన్నాయి" అన్నారు.

నేను రిజిస్టరు తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం అమ్మాయి నా టేబులు దగ్గరకు వచ్చింది. వెనకాల టై కుర్రాడు.

"మేడమ్, మాకొక వారం ఇవ్వండి. ఏం చేత్తన్నారని మాత్రం అడక్కండి."

"ఎందుకడక్కూడదు?"

"అడిగితే మీరు వద్దంటారండి."

రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషికి సహజంగా వచ్చే ధైర్యంతో సరేనన్నాను.

సోమవారం కాలేజీ వరండాలో ఒక బల్ల వేశారు. మీద ఒక పెద్ద అల్యూమినియం డబ్బా. కుర్రాడు టై కట్టుకుని నిలబడ్డాడు. పథకం చాలా సులువు. ఇవాళ ఒక చాక్లెట్ ఇస్తే ఎల్లుండికి రెండు ఇస్తారు. మన ఊళ్ళో చాక్లెట్లకు కొదవేముంది? ఏ కొట్టుకు వెళ్ళినా చిల్లర లేదని చేతిలో రెండు చాక్లెట్లు పెడతారు. ప్రతివాళ్ళ సంచిలో, పర్సులో, జేబులో కరిగిపోతూ పడి ఉంటాయి. పోతే ఏం పోయిందని తలా ఒకటి వేశారు. బుధవారానికి నిజంగానే రెండేసి తీసుకున్నారు.

అంతే. కాలేజీ రూపం మారిపోయింది.

నేను ఇప్పటికీ ఆలోచించే విషయం ఒకటుంది. అదే కుర్రాడు, అదే టై, అదే ఇంగ్లీషు. దాచుకోండి, అప్పు చేయకండి అని నిజం చెప్పినప్పుడు ఒక్కరూ వినలేదు. ఒకటికి రెండు ఇస్తానని అబద్ధం చెబుతుంటే వరస కట్టి మరీ విన్నారు. "గ్యారంటీయా?" అని ఎవరైనా అడిగితే, టై ముడి కొంచెం బిగించి "హండ్రెడ్ పర్సెంట్ అండి" అనేవాడు. మారుమాట ఉండేది కాదు.

గురువారానికి గేటు ఎదుటి కొట్టులో చాక్లెట్లు అయిపోయాయి. కొట్టాయన ఆశ్చర్యపోయి, కాలేజీలో ఎవరిదైనా పెళ్ళా అని వాకబు చేశాడట. క్యాంటీన్ నడిపే ఆవిడ టీకి చాక్లెట్లు పుచ్చుకోవడం మొదలుపెట్టింది. సాయంత్రం వాటిని తెచ్చి డబ్బాలో వేసేది. "ఎల్లుండి పొద్దున్న తీత్తే రెండింతలు కదండీ, పాలకి సరిపోతాయి" అని నాతో లెక్క చెప్పింది. పాలవాడు చాక్లెట్లు తీసుకుంటాడా అని అడగబోయి ఊరుకున్నాను. తీసుకుంటాడంటే నేనేం చెయ్యను?

ఫిజిక్స్ మాస్టారు మొదట్లో "పిల్లల్ని ప్రోత్సహించాలండీ" అంటూ ఒక్క చాక్లెట్ వేశారు. రెండు వచ్చాక ఆ రెండూ వేశారు. తర్వాత మనవడి పుట్టినరోజుకు కొన్న జాడీ ఇంటి నుంచి తెచ్చి మూత కూడా తీయకుండా అప్పగించారు. పుట్టినరోజు ఆదివారం. "అప్పటికి రెండు జాడీలవుతాయి. ఒకటి వాడికి, ఒకటి మళ్ళీ రొటేషన్‌కి" అన్నారు.

ప్రిన్సిపాల్ గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు. ఆపించేస్తారని భయపడ్డాను. ఆయన సొరుగు తీసి గుప్పెడు చాక్లెట్లు బల్ల మీద పెట్టారు.

"మేడమ్, నేను వేయొచ్చా? హోదాకి తప్పు లేదు కదా?"

"మీకు షుగర్ కదా సార్?"

"అందుకే మేడమ్! తినలేను. అందుకే పెట్టుబడి."

ఇక నా సంగతి. నేను కామర్సు చెప్పినదాన్ని. లాభం ఎక్కడి నుంచి వస్తుందో అడక్కుండా పైసా పెట్టకూడదని తరతరాల పిల్లలకు నేర్పినదాన్ని. అయినా సోమవారం నేనూ ఒకటి వేశాను. బుధవారం నా చేతిలో ఒకటికి రెండు పడ్డప్పుడు మనసులో ఏదో చిన్న పిల్ల చప్పట్లు కొట్టింది. ఆ రెండూ తిరిగి వేసేశాను. అడక్కూడదన్నారు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

శుక్రవారం పుదుచ్చేరి నుంచి అధికారి వచ్చారు, మా కార్యక్రమం ఎలా నడుస్తోందో చూడడానికి. ఆయనకు తెలుగు రాదు. పక్కన కూర్చుని అర్థం చెప్పే బాధ్యత ప్రిన్సిపాల్ గారిది. హాలు కిక్కిరిసిపోయింది. అధికారి ఎంతో సంతోషించారు. పొదుపు మీద పిల్లలకు ఇంత శ్రద్ధ ఎక్కడా చూడలేదన్నారట. అందరికీ ఆ రోజు చాక్లెట్లు రావలసి ఉందని ఆయనకు తెలియదు.

అమ్మాయి వేదిక మీదకు వచ్చింది. డబ్బా బల్ల మీద ఉంది. కుర్రాడు పక్కన నిలబడ్డాడు. ఎందుకో వాడి ఎడమ బుగ్గ బాగా వాచి ఉంది. ముందు వరసలో ఫిజిక్స్ మాస్టారు ఒక ఖాళీ సంచితో కూర్చున్నారు.

అమ్మాయి మూత తీసి, డబ్బాను హాలు వైపు వంచింది. ఖాళీ.

"లేవండీ. అయిపోయాయి" అంది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక హాలు లేచి నిలబడింది. "మావి ఏవే?" "ఎవడు తినేశాడు?" "పొద్దున్నే కదా వేశాను!" క్యాంటీన్ ఆవిడ కొంగు బిగించింది. ఫిజిక్స్ మాస్టారు లేచి, "అమ్మాయ్! నా జాడీ!" అని కేక పెట్టారు. అధికారి కంగారుగా ప్రిన్సిపాల్ గారి వైపు వంగారు. ఆయన నిబ్బరంగా తమిళంలో ఏదో చెప్పారు. ఏం చెప్పారని తర్వాత అడిగితే, "పిల్లలకి పొదుపు అంటే ఆవేశం ఎక్కువ సార్, అన్నాను" అన్నారు. అధికారి చప్పట్లు కొట్టారు. నాటకమనుకున్నారు.

గోల కొంచెం తగ్గాక అమ్మాయి ఫిజిక్స్ మాస్టారిని అడిగింది.

"సార్, బుధవారం మీకు రెండు చాక్లెట్లు ఇచ్చాం కదండీ. అవెవరివండీ?"

"ఎవరివేంటి? ఒకటి నాది, ఒకటి లాభం."

"లాభం కాదండి. ఒకటి మీదే, రెండోది మంగళారం ఏసినోళ్ళది. ఆళ్ళకిచ్చింది గురువారం ఏసినోళ్ళది. మేం చాక్లెట్లు తయారు చెయ్యలేదండి. ఒకరి జేబులోయి ఇంకొకరి జేబులో ఏశాం. అంతే చేశాం."

మాస్టారు సంచి మడత పెట్టుకుని కూర్చున్నారు.

వెనక నుంచి సన్నగా ఏడుపు వినిపించింది. కనకాలపేట పిల్ల. వాళ్ళమ్మ బండి దగ్గర పోగుపడిన చాక్లెట్లన్నీ ఆ ఉదయమే తెచ్చి వేసింది. అందరి కంటే ఆఖర్న చేరింది.

"అక్కా, నాకు ఒక్కసారి కూడా రాలేదు. మా తమ్ముడివి కూడా అడిగి తెచ్చాను" అంది.

ఎవరూ నవ్వలేదు. అమ్మాయి వేదిక దిగి ఆ పిల్ల దగ్గరకు వెళ్ళింది.

"చాక్లెట్లకే ఇంత ఏడుపొచ్చింది కదా. స్కాలర్‌షిప్పు పోతే ఎంతొత్తది?"

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, "అయితే అక్కా, ఫోన్లో చెరువు కూడా..." అని ఆగిపోయింది.

"నాకు తెలీదు. నువ్వే చూడు. ఆ చెరువు ఏ ఊళ్ళో ఉందో అడుగు. ఆ రొయ్యలు ఎవడు కొంటన్నాడో అడుగు. నీకిచ్చే లాభం ఎవరి జేబులోదో అడుగు. చెప్తే పెట్టు."

హాలంతటా ఫోన్లు వెలిగాయి. పెట్టిన డబ్బు వెనక్కి తీద్దామని చూశారు. కొందరికి తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది. కొందరికి, డబ్బు తీయాలంటే ముందు ఇంకొంత కట్టాలని వచ్చింది. ఫిజిక్స్ మాస్టారు ఫోను చూసుకుంటున్నారు. ఆయన వేలు ఒకే చోట మళ్ళీ మళ్ళీ నొక్కడం నాకు కనిపించింది. ఆయన దగ్గరకు వెళ్ళి పక్క కుర్చీలో కూర్చున్నాను. ఆయన నా వైపు చూడలేదు.

కనకాలపేట పిల్ల స్కాలర్‌షిప్పు ఆ మధ్యాహ్నమే పడింది. ఫోనులో మెసేజి నాకు తెచ్చి చూపించింది. దాన్ని ఏం చేయాలో నేను చెప్పలేదు, దరియాలతిప్ప అమ్మాయే చెప్పింది. ఇద్దరూ కలిసి సైకిలు మీద బ్యాంకుకు వెళ్ళారు.

డబ్బాలో మిగిలినవన్నీ అమ్మాయి ముందే ఒక సంచిలోకి తీసి దాచిందట. సాయంత్రం వరసగా నిలబెట్టి, ఆఖర్న వేసినవాళ్ళతో మొదలుపెట్టి వెనక్కి ఇచ్చారు. కనకాలపేట పిల్ల తమ్ముడి చాక్లెట్లు ముందు వెళ్ళాయి. మొదట్లోనే తీసుకుని తినేసినవాళ్ళు కొందరు ఉన్నారు కాబట్టి తగ్గుతాయని తెలుసు. అయితే లెక్క కట్టిన దానికంటే చాలా ఎక్కువే తగ్గాయి. అందరి చూపూ కుర్రాడి బుగ్గ మీదకు వెళ్ళింది.

"నిర్వహణ ఖర్చులండి" అన్నాడు వాడు, మాట సరిగ్గా పలకలేక. పన్ను పీకించుకున్నాక పూర్తి వివరణ ఇచ్చాడు. రోజంతా నిలబడి గ్యారంటీ ఇవ్వడం ఎంత కష్టమో మాకు తెలియదన్నాడు. ఆ లోటు వాడి పాకెట్ మనీలోంచి కట్టించాం. మనవడి జాడీ ఒక్కటీ పుట్టినరోజు వేళకు నిండుగా వెళ్ళింది, మూత మాత్రం దొరకలేదు.

కొద్ది రోజులకే ఫోనులో చెరువు ఎండిపోయింది. తెర తెల్లబడి ఊరుకుంది. అప్పటికే చేరినవాళ్ళ డబ్బు పోయింది. సైబర్ పోలీసులకు ఫిర్యాదు రాయడంలో మేమంతా సాయం చేశాం. నేను రిటైరయ్యేదాకా తిరిగి వచ్చింది లేదు. కానీ ఆ వారం తర్వాత కొత్తగా ఎవరూ చేరలేదు, మా కాలేజీ నుంచి. ఒక వారంలో పిల్లలు సాధించింది ఇది. నేను ఉదాహరణలతో సహా వివరించి సాధించింది మీకు ముందే చెప్పాను.

ఫిజిక్స్ మాస్టారు కొన్నాళ్ళు స్టాఫ్ రూములో ఎవరితోనూ మాట్లాడలేదు. "ఆధారమేంటండీ?" అన్న మాట వినబడక గది బోసిపోయింది. మేమూ ఆ ఊసెత్తలేదు. ఎత్తింది మళ్ళీ దరియాలతిప్ప అమ్మాయే. నేరుగా ఆయన దగ్గరకు వెళ్ళి, "సార్, కొత్త బ్యాచ్ ఫస్టియర్‌కి పాఠం మీరు చెప్పాలండి" అంది.

"నేనా? పొదుపా? నన్ను ఏడిపించడానికొచ్చావా?"

"పొదుపు మేం చెప్పుకుంటాం సార్. మోసపోవడం మీరు చెప్పండి. మా వయసోళ్ళు చెప్తే, ఆడికి తెలివి లేదనుకుంటారండి. మీరు చెప్తే అలా అనుకోలేరు కదా."

ఆయన రెండు రోజులు ఆలోచించారు. వస్తారని నేను అనుకోలేదు. కానీ ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని క్లాసులోకి వచ్చి, టేబులు పట్టుకుని నిలబడ్డారు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను, సుమ్మా.

"నేను ఫిజిక్స్ మాస్టార్ని" అని మొదలుపెట్టారు. "ఏమీ లేని చోట నుంచి శక్తి పుట్టదని పాతికేళ్ళుగా చెప్తన్నాను. పొద్దున్న క్లాసులో అది చెప్పి, సాయంత్రం ఇంటికెళ్ళి ఫోన్లో పుట్టించాను."

పిల్లలు నవ్వాలో లేదో తెలియక నా వైపు చూశారు. ఆయనే ముందు నవ్వారు. ఆ తర్వాత ఆయన చెప్పినదంతా పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. ఎవరు చెబితే చేరారో, మొదటి లాభం వచ్చినప్పుడు ఎంత తెలివైనవాణ్ణని పొంగిపోయారో, అనుమానం వచ్చినా ఎవర్నీ అడగడానికి ఎందుకు నామోషీ పడ్డారో, ఏదీ దాచుకోలేదు.

చివర్లో ముందు బెంచీ కుర్రాడొకడు లేచి, "సార్, మొత్తం ఎంత పోయిందండీ?" అని అడిగాడు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మా ఇంట్లో ఇంకా చెప్పలేదురా. ముందు ఆవిడకి చెప్పాలి, తర్వాత నీకు చెప్తాను."

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడకు చెప్పేశారట. మర్నాడు భోజనం వేళకు స్టాఫ్ రూముకు క్యారేజీ లేకుండా, చేతులూపుకుంటూ వచ్చారు. పులస చేప దొరికే రోజులు కాకపోయినా నా దగ్గర రొయ్యల ఇగురు ఉంది, తెలుగు మేడమ్ దగ్గర పప్పుచారు ఉంది, ప్రిన్సిపాల్ గారు పెరుగన్నం పంపించారు. తలా ఒక గరిటె ఆయన ముందు పెట్టాం. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఇగురు కలుపుకుంటూ, "రొయ్యలు ఎక్కడియండీ?" అని నన్ను అడిగారు.

"దరియాలతిప్ప చెరువులోవి మాస్టారూ. నిన్న బతికే ఉన్నాయి."

"ఆధారమేంటండీ?" అన్నారు.